సగం మాత్ర

శుక్రవారం సంతలో బాతుపిల్లలకి గులాబీ రంగు అద్ది
అట్టపెట్టెల్లో పోసి అమ్ముతారు.
మిషారి మూడు తెచ్చాడు.
రెండు ఆదివారానికే ఒరిగిపోయాయి.
మూడోది మిగిలింది గానీ
నున్నటి పాలరాతి మీద కాళ్ళు చెరోవైపు జారి
విరిగిన గొడుగులా నేలకి కరుచుకుంది.

"జిబాలా" అంది మేడమ్, చెత్తబుట్ట వైపు గడ్డం చూపి.
సరేనన్నాను.
పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో
సరేనన్న తర్వాతే నా పని నేను చేసుకుంటాను.

మెట్ల కింద ఇస్త్రీ గది.
ఖర్జూరాల పెట్టెలో అరిగిన టర్కీ తువాలు పరిచాను,
గరుగ్గా ఉంటేనే గోళ్ళకి పట్టు.
ప్లాస్టరు సన్నగా కత్తిరించి
రెండు కాళ్ళకీ ఎనిమిది అంకెలా చుట్టాను,
మధ్యలో బొటనవేలంత ఎడం.
బందం వేసిన దూడలా చూసింది నన్ను.
తిట్టుకునే ఉంటుంది, బాతుల భాషలో.

మా నాన్న చూస్తే నవ్విపోయేవాడు.
ఆకివీడు నుంచి కోతలైన చేల వెంబడి
ఎనిమిది వందల బాతుల్ని తోలిన మనిషి.
నడిచేదే బాతు, అనేవాడు.
కుంటిదాన్ని చేతిలోకి తీసుకుని
అటు తిరగవే, అనేవాడు నాతో.
తిరిగేదాన్ని. చిన్న చప్పుడు వినపడేది.
రాత్రికి పులుసు బాగుండేది. అబద్ధమెందుకు.

ఆయనే ఇంకో మాట కూడా అనేవాడు:
తవుడు తినని పిల్లకి కాళ్ళు నిలవవు.
కువైట్లో తవుడెక్కడ తేను?
మందుల షాపులో మలయాళీ కుర్రాడు బిజు
నా చీటీ చూసి నవ్వాడు.
"చేచీ, తవుడులో ఉండేదీ
మీరు మింగే ఈ బి విటమినూ ఒకటే."
నా అరికాళ్ళ తిమ్మిర్లకి రాసిచ్చిన మాత్ర.

ఆ రోజు నుంచి విరిచి సగం నాకు, సగం దానికి.
చెంచా వెనకతో నూరి
మెదిపిన బఠాణీల్లో కలిపి పెట్టేదాన్ని.
రాత్రి నా పాదాల్లో చీమలు పాకుతుంటే
పెట్టెలో అదీ మెసులుతూ ఉండేది.

ఆగస్టు. కుళాయి తిప్పితే ట్యాంకులో కాగిన నీళ్ళు.
లోపల ఏసీకి వణికేది, బయట పెడితే ఉడికేది.
ఐసు ముక్కలు వేసి, మోచేత్తో చూసి
బట్టలు నానేసే టబ్బులో వదిలాను.
నీళ్ళల్లో దానికి కుంటు లేదు.
బందం ఉన్న కాళ్ళు కలిపే తన్నింది,
గుండ్రంగా తిరిగింది, ముక్కు ముంచి
నా మొహం మీదికి విదిల్చింది.

తొమ్మిదో రోజు ప్లాస్టరు విప్పాను.
ఓ అడుగు. ఆగింది.
కుడివైపు కాస్త ఒరిగి ఇంకో అడుగు.
నా కూతురు మొదటి అడుగులు నాకు ఫోన్లో చెప్పారు.
ఇది మాత్రం ఎదురుగానే వేసింది.

రంగు ఊడిపోయి కింద తెల్ల ఈకలు పొడిచాయి.
మిషారి ఒకసారి తొంగి చూశాడు.
"నాది గులాబీది. ఇది కాదు"
అని తలుపేసుకుని పోయాడు.
అలా ఎవరిదీ కాకుండా పోయింది, ఇఖామా లేని నా బాతు.

తర్వాత గొంతొచ్చింది దానికి. ఆడబాతు గొంతు,
మూడంతస్తులు వినపడేది.
ఏంటా చప్పుడంది మేడమ్.
వాషింగ్ మిషన్ అన్నాను.
ఆ అబద్ధం ఒక్క రోజే పనిచేసింది.

వఫ్రా తోటల నుంచి టమాటాల బండి తెచ్చే
జగిత్యాల పోశెట్టి చేతిలో పెట్టాను పెట్టెని.
కొయ్యకు మరి, అన్నాను.
"కొయ్యనక్కా, నీ మీదొట్టు."
నా మీద ఎందుకు, నీ మీదే వేసుకో అన్నాను.

మాత్ర ఇప్పుడు మొత్తం మింగుతున్నాను.
తిమ్మిర్లు అలాగే ఉన్నాయి.

నిన్న పోశెట్టి వాయిస్ పెట్టాడు.
పంపు చప్పుడు, గాలి, పదో పన్నెండో బాతుల అరుపు.
మళ్ళీ మళ్ళీ విన్నాను.
గొంతుని బట్టి ఏది నాదో తెలీదు.
నడిస్తే చెప్పగలను.