చెక్ ట్రే

తెల్లారుజాము మూడింటికి
నీళ్ళకి ఊపిరాడదు.
పద్దెనిమిదేళ్ళుగా ఆ గంటలో
కలిదిండి రోడ్డు పక్క ఈ గట్టు మీద
మెలకువగా ఉండేది
నేనూ, నాలుగు ఏరేటర్లూ,
బల్బు చుట్టూ పురుగులూ.

కరెంటు పోయిందా,
జనరేటరు దగ్గరికి ఒకటే పరుగు.
పావుగంట ఆలస్యమైతే
మీసాలు పైకెత్తి అంచుల వెంట తేలతాయి,
కోటి రూపాయల రొయ్యలు.

ట్రేలో పిడికెడు మేత వేసి నీళ్ళలో దించుతాను.
రెండు గంటలాగి లేపి చూస్తాను.
మిగిలితే, పూటకి తగ్గించాలి.
నున్నగా నాకేస్తే, కాస్త పెంచాలి.
అమావాస్యకి పొట్టు విడుస్తాయి,
ఆ రెండ్రోజులూ సగం మేతే,
వల వెయ్యకూడదు, కదపకూడదు,
మెత్తటి ఒంటితో ఓ మూల పడుకోనివ్వాలి.
వాటి బరువు గ్రాముల్లో చెప్పగలను.

నా బరువు మాత్రం
మొన్న కాళ్ళ ఆసుపత్రిలో తూకం ముల్లు చెప్పేదాకా తెలీదు.
ఎనభై ఏడు.
నర్సు మరియరత్నం గారు వేలు పొడిచి
చీటీ మీద ఇంకో అంకె వేసి
కళ్ళజోడు పైనుంచి చూశారు.
"ఎప్పుడు తింటారు పేరయ్య గారూ?"
"ఆకలేసినప్పుడండీ."
"నిద్ర?"
"కుదిరినప్పుడండీ."
"నడుస్తారా?"
"గట్టు మీదే కదండీ బతుకు" అన్నాను గానీ
గట్టు మీద తిరిగేది నేను కాదు, నా టీవీఎస్.
ఆవిడ ఎత్తిపొడవలేదు.
"రొయ్యలకీ ఇలాగే పెడతారా?" అని
తరవాతి చీటీ పిలిచారు.

కాలవ గట్టున వస్తూ లెక్కేసుకున్నాను.
పన్నెండింటికి మిరపకాయ బజ్జీలు, పొట్లం చివరిదాకా.
నిద్రాపుకోడానికి మూడు చెంచాల పంచదార టీ,
అలాంటివి నాలుగు.
పగలు రేకుల షెడ్డులో, లారీ హారన్ల మధ్య
అరగంటా, ముప్పావుగంటా పడుకోవడం.
చిల్లర నిద్ర.
ఎంత పోగేసినా నోటు కాలేదు.

క్యారేజీ విప్పితే మర్నాడు
అన్నం చిన్న గిన్నెలోకి దిగిపోయింది,
మెంతికూర పప్పు పెద్ద గిన్నె ఎక్కి కూచుంది.
"పదవులు మారాయి" అంది వీరవేణి,
నవ్వకుండా.
దంపుడు బియ్యం దవడకి పని చెప్పాయి.
పోట్లాడాను. తిన్నాను. మళ్ళీ పోట్లాడాను.

బండికి తాళం వేసి నడిస్తే
నాలుగు చెరువులూ చుట్టి రావడానికి
పద్దెనిమిది వందల అడుగులు.
మొదటిరోజు మడమ పగిలింది.
మూడోరోజు కనపడ్డాయి,
గట్టు కింద ఎండ్రకాయలు తవ్విన బొరియలు,
సన్నగా నీళ్ళు కారుతున్నాయి.
బండి మీద ఇన్నేళ్ళూ
వాటి పైనుంచే వెళ్ళాను.

నిద్రే లొంగలేదు.
బావమరిది లోవరాజు సగం రాత్రి కాస్తానన్నాడు,
మూడో గంట మాత్రం నాదే ఉంచుకున్నాను.
తొమ్మిదింటికి పడుకుంటే
కలలో ఏరేటర్లు ఆగిపోయేవి.
లుంగీ ఎగ్గట్టి పరిగెత్తేవాణ్ణి.
చక్రాలు తిరుగుతూనే ఉండేవి,
లోవరాజు మెలకువగానే ఉండేవాడు.
ఆ సంగతి నా కళ్ళు నమ్మడానికి
పదకొండు రాత్రులు పట్టింది.
నిద్రకి మందు మాత్రల్లో లేదు,
ఇంకొకడు మేలుకున్నాడన్న నమ్మకంలో ఉంది.

అంతా బాగుపడిందని చెప్పను.
పట్టుబడి రోజున ఐసు లారీ పక్కన నించుని
ఏడు బజ్జీలు తిన్నాను,
ఎనిమిదోది లోవరాజు లాక్కున్నాడు.
చీటీ మీద అంకె కాస్త దిగింది, ముల్లూ దిగింది,
మరియరత్నం గారు "ఊఁ" అన్నారు,
అంతకు మించి ఏమీ అనలేదు.

ఇప్పుడు మూడయింది.
ఐదు గంటలు ఒక్క ముక్కగా పడుకుని లేచాను,
చెరువు మీద గాలి చల్లగా ఉంది.
ట్రే లేపి చూశాను, నున్నగా ఉంది.
పక్కనే రాత్రి క్యారేజీ,
చిన్న గిన్నెలో నాలుగు మెతుకులు మిగిలాయి.
టార్చి వేసి
దాన్నీ చూశాను కాసేపు.