గోరు తగిలిన చోట

బ్రేకుల్లేని సైకిలును
నడిపించుకుంటనే తెచ్చింది ఆ పిల్ల.
మెట్టుగడ్డ మలుపుల, పొద్దుగాల ఎనిమిది.
గాలిపంపు ఇంకా బయట పెట్టలె.

"కాకా, తొక్కుతుంటే కటుక్కుమంటుంది."
"ఎప్పుడు?"
"ఎడమకాలు కిందికి పోయినప్పుడు.
ఆపనీకి ఎనుకకు నొక్కినప్పుడు గూడ."

ఎనుకకు నొక్కుడేంది?
నలభై రెండేండ్ల సంది పానా పడుతున్న చెయ్యి
ఆ మాటకాడ ఆగింది.

చక్రం లేపి తిప్పి చూపించింది.
ఫ్రీవీలు లేదు.
చక్రం తిరిగినంతసేపు పైడిలు తిరుగుడే,
గుట్ట దిగేటప్పుడు గూడ కాళ్లకు సెలవు లేదు.
దిగుడు మీద కాళ్లు చాపుకొని
అంగీ గాలికి ఉబ్బంగ పోయే సుఖం
ఈ సైకిలుకు తెల్వదు.
"పందెం సైకిలు కాకా, ఆపేది కాళ్లే" అన్నది
కాట్రావత్ సోని.
బాలానగర్ అవతల తండా.
మోకాలి మీద పాత మచ్చ.

మా సైకిళ్లు ముందుకే బరువు మోస్తయి.
దీని క్రాంకు రెండు దిక్కుల మోస్తది,
ఉరికినప్పుడు ఒక తీరు, ఆపినప్పుడు ఒక తీరు.
తీగెను అటొకసారి ఇటొకసారి వంచుతుంటే
ఎప్పుడు తెగుతదో తీగెకే తెల్వదు.

బోల్టు చూసిన, బిగుతనే ఉంది.
లోపల ఛర్రాలు మంచిగున్నయి.
పైడిలు ఇప్పిన. ఎడమది ఉల్టా మర;
కొత్తోడైతే ఇప్పుతున్న అనుకుంట బిగిస్తనే ఉంటడు.
గ్యాసునూనెల గుడ్డ ముంచి తుడిచిన.
మట్టి పోయింది, నల్ల గ్రీజు పోయింది.
కండ్లద్దాలు పెట్టుకున్నా ఏం కానరాలె.
కండ్లు మూసుకొని గోరుతో గీసిన.
పైడిలు ఎక్కే బొక్క అంచుకాడ
గోరు తగిలింది.

అంతే. వెంట్రుక మందం.

"వెల్డింగు పెడితే?"
"ఇనుము గాదు బిడ్డా, అలుమినియం.
పాపడానికి కుట్టేసినట్టయితది."
"సోమవారం సెలక్షన్లున్నయి."
నేనేం అనలె.
"ఆ ఒక్క రోజు నడుస్తదా?"

నడుస్తది.
ఈ మాట ఒకసారి అన్నోణ్ణే నేను.
ఎనభై ఏడుల, సీతాఫలాల సీజను.
ఉస్సేనప్ప రెండు దిక్కుల రెండు గంపలు కట్టుకొని వచ్చిండు.
అరిగిన కాటర్ పిన్నుకు డబ్బారేకు ముక్క చుట్టి
సుత్తెతో రెండు దెబ్బలేసి
రెండు రూపాయలు తీసుకొని
నడుస్తది పో అన్న.
రైలుగేటుకాడ జారింది.
పండ్లు పట్టాల మీదికి దొర్లినయంట.
పిక్క చీరుకపోయి నెలన్నర గంప ఎత్తలె.
నన్ను తిట్టలె, గదే తప్పు చేసిండు.
లేచి నడవంగనే నా దుకాణానికే వచ్చి
గాలి కొట్టిచ్చుకొని పోయిండు.

"నడువది" అన్న సోనితోని.

మొఖం అటు తిప్పింది.
ముక్కు చీదిన సప్పుడు ఇననట్టు
ఛర్రాల డబ్బా సదురుకుంట కూసున్న.
జడ్చర్లకు ఫోన్ చేసిన, లేదన్నరు.
హైదరాబాద్ల మేనల్లునికి చేసిన,
కోఠి దిక్కు అడుగుతా మామా అన్నడు, అడగలె.
ఆఖరికి వాళ్ల కోచ్ సారు దగ్గర పాత జత ఒకటి తేలింది.
ఐదు మిల్లీలు పొట్టిది.
"పొట్టిదైతే ఏమైతది కాకా?"
"జర గట్టిగ నొక్కాలె."
గది నాకొచ్చు అన్నట్టు చూసింది.

"గోరు ఎట్ల పెట్టాలె, చూపియ్యి."
చెయ్యి చాపింది. అన్ని కొరికిన గోర్లే.
సంచిల ఎతికి, జెర్సీకి నంబరు గుచ్చుకునే
పిన్నీసు తీసింది.
దాని మొన మెల్లగ జరుపుకుంట పోయింది, పోయింది,
తట్టుకున్నకాడ
ఆమె ఊపిరి గూడ తట్టుకుంది.
"వారానికొకసారి" అన్న.
"పందెం గెలిచినా, ఓడినా."

ఇరవై రూపాయలు ఇచ్చింది. తీసుకున్న.
ఉట్టిగ చేస్తే మాటకు బరువుండది.

సోమవారం పోయింది. బేస్తారం పోయింది.
ఫోన్ రాలె. నేను చెయ్యలె.
పగిలిన క్రాంకు గోడమొలకు యాలాడుతుంది,
వచ్చినోళ్లు ఇదేందని అడిగితే
తాకి చూడుమంట. ఎవ్వరికీ దొరకది.

రాత్రి షట్టరు సగం దించి
నా సొంత సైకిలును పండబెట్టిన.
పదేండ్లయింది దాన్ని తుడిచి.
గ్యాసునూనె, గుడ్డ.
కండ్లు మూసుకున్న.