చుక్కల పుస్తకం

జింఖానా మైదానంలో చిరుగుల షామియానా కింద
దస్తగిరి సార్ స్కోరు రాసేవాడు,
చెవి మీద పెన్సిలు.
పరుగు రాని బంతికి ఒక చుక్క.
ఆరూ చుక్కలే పడితే
గీతతో కలిపి
"చూడు బేటా, ముగ్గు" అనేవాడు.
కొన్నాళ్ళు లంచ్ దాకా ముగ్గులే.
మూడోరోజు పొద్దుగూకినా ఎవరూ గెలవకపోతే
బూట్లు దులుపుకుని అందరం చాయ్‌కి పోయేవాళ్ళం.

ఇప్పుడు ఉప్పల్‌లో నా కొలువు.
ఫోర్‌కి ఒక మంట, సిక్స్‌కి రెండు,
బటన్ నాదే.

నిన్న పందొమ్మిదో ఓవర్,
ఎవరో బక్కపల్చని కుర్రాడు,
బంతి వెనక బంతి, ఐదు చుక్కలు.
తెర మీద సిమెంటు ప్రకటన.
ఆరోది గాల్లోకి లేచింది.
రెండు మంటలూ వేశాను.

రెండో చేతి వేలు మాత్రం
బల్ల మీది దుమ్ములో
ఐదు చుక్కలు పెట్టి
ఆరోదానికి చోటు వదిలింది.