చుక్క అంటే ఈడ

కుందుర్పి మండలాఫీసులో సిగ్నలు
కిటికీ మూడో ఊచ దగ్గర మాత్రమే దొరుకుతుంది.
ఆ ఊచకు ఫోను కట్టి
అనంతపురం మిషన్లోకి దిగుతాను,
అడుగంటిన బావిలోకి చేద దిగినట్టు.

తెర నిండా ఫైలు పరిచే ఎడిటర్లు
సగం దారిలోనే సొమ్మసిల్లుతాయి.
అందుకే మహబూబ్ పీరా సారు నాకు ఈడీ నేర్పించినాడు.
గుంతకల్లులో టెలిప్రింటరు కొట్టిన చేతులు ఆయనవి.
"పేరు చూసి జడుసుకోవాకమ్మా,
ఇండ్ల మీదికొచ్చే ఈడీ కాదిది.
వరుసకో వరుస దిద్దే ముసలిది."

ఏమీ చూపించదు.
అడిగితే ఒక వరుస చెప్తుంది,
అడక్కపోతే ఊరికే కూచుంటుంది.
తప్పు కొడితే తిట్టదు, ఎందుకు తప్పో చెప్పదు,
ఒక్క ప్రశ్న గుర్తు, అంతే.
మా జేజి అచ్చం ఇట్లే.
పప్పులో ఉప్పు ఎక్కువేస్తే
తలెత్తి "ఆఁ?" అనేది.
తప్పు యాడుందో మనమే ఎతుక్కోవాల.

చుక్క అంటే ఈడ,
నువ్వు నిలబడిన వరుస.
డాలరు గుర్తంటే ఆఖరి వరుస.
"డాలరు మనకెప్పుడూ ఆ చివర్నే కదమ్మా"
అని సారు నవ్వు.

రాయడం మొదలుపెట్టినావా, ఇంక ఆగదు.
ఆపాలంటే కొత్త వరుసలో ఒంటి చుక్క పెట్టాల,
పక్కన ఇంకే అక్షరమూ ఉండకూడదు.
మొదటి వారం అది మరిచిపోయి
ఆపు, చాలు, అయిపోయింది, దేవుడా,
అన్నీ కొట్టినాను.
అన్నీ బుద్ధిగా రాసుకుంది.
కరువు జాబితాలో నూటముప్పయ్యో రైతు పేరు
రెండు రోజులు 'దేవుడా' అనే ఉండింది.

నిన్న పైనుంచి మాటొచ్చింది,
'చిన' అని ఉన్నదంతా 'చిన్న' చెయ్యమని.
ఒకటి నుంచి డాలరు దాకా అని కొట్టినాను.
ప్రశ్న గుర్తు రాలేదు.
రాలేదంటే సరేననే కదా.
చిన ఓబులేసు చిన్న ఓబులేసయినాడు, మంచిదే.
ముందే సరిగ్గున్న చిన్నక్కకు ఇంకో న తగిలి
నోరు తిరగని చిన్న్నక్కయింది.
'చినుకు లేదు' అన్న చోటల్లా
'చిన్నుకు లేదు'.
నాలుగొందల పన్నెండు చోట్ల.

కిటికీ అవతల కుళ్లాయప్ప.
ఏం జరిగిందో చదివి వినిపిస్తే
తువ్వాలు దులిపి అన్నాడు:
"ఉండే చినుకే చాల్లేదు,
దాన్నిగూడ చిన్న చేసినారా తల్లీ?"

వెనక్కి పొమ్మంటే పోతుందిది, ఒక్క అడుగే.
రెండోసారి పొమ్మంటే
ఆ వెనక్కి పోవడమే వెనక్కి పోతుంది.
ఊపిరి బిగబట్టి ఒక్కసారే కొట్టినాను.
తర్వాత ఒక్కో చినను పిలిచి, మొగం చూసి,
మనిషా వానా తేల్చుకుని దిద్దినాను.
టీ రెండుసార్లు చల్లారింది.

"నా వరుస యాడుందమ్మా?"
రెండొందల ఆరు.
కుళ్లాయప్ప, నాలుగెకరాలు, బుడ్డలు, చినుకు లేదు.
చానాసేపు మాట్లాడలేదు.
"లేదని కాదు. ఒకరోజు పడింది.
దాని కింద రాయి."
రాస్తే పరిహారం తగ్గుతుందేమో అన్నాను.
"పడింది పడిందనే రాయల్ల."

రాసినాను.
శ్రావణంలో ఒకరోజు, పొద్దుగూకినాక, నాలుగు చినుకులు.
ఆ కింద

.

తెరకు కండ్లానించి అడిగినాడు,
"ఇదేందమ్మా?"
"చుక్క."
"ఆఁ, అంతే. సరిగ్గా అంతే పడింది."

దాచుకోమన్నాను మిషన్ను.
పొద్దునకంటే కొంచెం పెద్ద అంకె ఒకటి చెప్పి
మళ్లీ ఊరుకుంది.