మూడు తాళాల పెట్టె

మేరీపోర్ట్‌లో మంగళవారం.
సముద్రం రేవు గోడ మీంచి తొంగిచూసి
ఏమీ కొనకుండా వెళ్లిపోతుంది.
కొట్టు వెనక గదిలో నేను
పోయినవాళ్ల కోట్ల జేబులు తడుముతుంటాను.
బస్సు టికెట్, పిప్పరమెంటు,
ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను.
ఇస్త్రీ ఆవిరికి ఉన్ని తడికుక్క వాసనేస్తుంది.

కోటు మూడు పౌన్లు.
అది మలావీ ఉత్తరాన ఓ ఊరు చేరేసరికి
ఏమవుతుందో కౌంటరు పక్కన పోస్టరు చెబుతుంది.
బావి, బడి, మేక, విత్తనం, కాన్పు గది,
అన్నీ గుండ్రంగా, మధ్యలో నవ్వే పిల్ల.
కింద పెద్దక్షరాలతో సమగ్రాభివృద్ధి.

అంటే ఏమిటని నార్మన్ టినియన్‌ని అడిగాను.
"అన్నీ ఒక్కసారే రావడం" అన్నాడు
పాత బూట్లకి లేసులు ఎక్కిస్తూ.
"మాకు అన్నీ ఒక్కసారే పోయాయిలే.
గని పోయింది, వెనకే రొట్టెల కొట్టు,
దాని వెనకే ఆదివారం బస్సు."

నవంబరులో ట్రైనెస్ గోండ్వే వచ్చింది,
ఆ పోస్టరులోని ఊరి నుంచి.
చర్చి హాల్లో ముప్పై కుర్చీలు వేశాం.
తొమ్మిదిమంది వచ్చారు, ఒకాయన వెచ్చదనం కోసం.
తెరమీద బొమ్మలు ఆపించి, నిలబడే చెప్పింది.

"ఏం కావాలని అడిగారు. వంతెన అన్నాం.
బావి తవ్వారు.
మంచి బావే. పంపులో రబ్బరు బిళ్ల అరిగాక
పద్నాలుగు నెలలు మళ్లీ ఏటికే నడిచాం.
తర్వాత మ్జూజూ నుంచి ఒక పిల్ల వచ్చింది.
ఒక వానాకాలమంతా ఏమీ అడగలేదు.
మాతో మొక్కజొన్న దంచింది, చాలా చెడ్డగా.
ఆ తర్వాతే పెట్టె.
చెక్క పెట్టె, మూడు తాళాలు,
మూడు చెవులూ ముగ్గురు ఆడవాళ్ల దగ్గర.
ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడకూడదు.
అది ముఖ్యం."

అందరికంటే ముందు నేనే నవ్వాను.
కనగాలలో మా పిన్ని పొదుపు సంఘం గుర్తొచ్చింది.
సుగుణమ్మకీ మస్తానమ్మకీ మాటల్లేవు,
అందుకే పదేళ్లూ లెక్క సరిపడింది.
రబ్బరు బిళ్ల ఆ పెట్టె డబ్బుతోనే కొన్నారట,
తర్వాత మేకలు, తర్వాత మంత్రసానికి సైకిలు.

ప్రశ్నలేమైనా అని గ్లెనిస్ అడిగింది.
ఎవరూ చెయ్యెత్తలేదు. ట్రైనెస్ ఎత్తింది.

"పొద్దున్న మీ వీధిలో నడిచాను.
పదకొండు తలుపులకి అడ్డ చెక్కలు కొట్టున్నాయి.
బస్ షెల్టర్‌లో ఒక ముసలామె గంటన్నర కూచుంది,
బస్సు రాలేదు.
ఎవరి తాలూకని ఆమెని ఎవరూ అడగలేదు.
ఇక్కడ పనిచేసే సంస్థ ఏది?"

గోడ హీటరు టిక్కు టిక్కుమంది.
గ్లెనిస్ టీ పోస్తానంటూ లేచింది.
"కమిటీ ఉండేది" అన్నాడు నార్మన్, తన బూట్లతో.
"ఉండేదా?"
"ఉండేది."

వెళ్తూ ఒక కోటు కొనుక్కుంది, ముదురాకుపచ్చది.
ఊరికే తీసుకోమంటే కోపమొచ్చింది,
మూడు పౌన్లూ చిల్లరతో లెక్కపెట్టింది.
రసీదు రాస్తుంటే నా చెయ్యి మీద వేలితో తట్టి
"వంతెన ఇంకా రాలేదు,
అదీ రాసుకో" అంది.

రసీదు వెనక రాశాను.
ఎవరికి పంపాలో తెలియక
సొరుగులోనే ఉంది.

పోయిన గురువారం నార్మన్
పాత బిస్కెట్ల డబ్బాకి ఒక కొక్కెం అతికించి తెచ్చాడు.
ఒక్కటే.
మిగతా రెండింటికీ రేకు ఆగదంటాడు.
ఆగుతుంది, నీకు చేతకాలేదంటుంది గ్లెనిస్.
పద్దెనిమిదేళ్లుగా వాళ్లిద్దరికీ పడదు.
ఇస్త్రీ ఆపేసి
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.