పూత మీద బేరం

మా నాయన చెంగల్రాయులు
పూత చూసి తోట కొనేవాడు.
తవణంపల్లె దాటినాక, మాఘమాసపు ఎండలో
ఒక్క పిందె కూడా లేని చెట్టు కింద నిలబడి
కొమ్మ వంచి వాసన పీల్చి
తువ్వాలు కింద రైతు వేళ్ళు పట్టుకుని
రేటు చెప్పేవాడు.
"కాయను ఎవుడైనా కొంటాడు మే,
పూతను కొనేదానికి గుండె ఉండాల."

నేను కొన్నది ఓడ.
సముద్రం లేని చిత్తూరులో,
ఇంకా పూర్తికాని ఆన్‌లైన్ ఆటలో,
ఇంకా ఎవరూ గియ్యని ఓడ.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొలి జీతం,
అందులోంచి రెండువేల ఐదువందలు.
రసీదుకు బదులు ఒక బొమ్మ వచ్చింది.
తెరచాప మీద రెడ్డెమ్మ అని నా పేరు,
కింద చీమతలకాయంత అక్షరాల్లో
మార్పులు ఉండవచ్చు అని.

మూడేళ్ళు.
రోజూ అన్నం దగ్గర నాయన అడిగేది ఒకటే:
"నీ ఓడ కదిలిందా?"

కదల్లేదు.
కానీ రాత్రి పదకొండుకు
సగం కట్టిన ఆ రేవులో ముప్పై ఒక్కరం చేరతాం.
పుత్తూరు నర్సు ఒకామె, డ్యూటీ మధ్యలో.
కుప్పం పిల్లోడు ఒకడు, నక్షత్రాలు లెక్కపెట్టి
నిన్నటికంటే రెండు తక్కువని ఫిర్యాదు చేస్తాడు.
తలుపులు ఉంటాయి, వెనకాల గదులుండవు.
గోడల్లోంచి నడిచిపోతాం.
ఒకసారి చందమామ జారి
చేపల బుట్టలో పడితే
తెల్లారిందాకా నవ్వినాం.
అన్నీ సరిచేసిన రోజున
ఈ గోడలు మమ్మల్ని ఆపేస్తాయి గదా అని
నాకు లోపల్లోపల దిగులు.

ఆటను చేసే హేమాద్రిది గ్రీమ్స్‌పేటే అని తెలిసి
ఒక ఆదివారం రేకుల గది మెట్లెక్కినా.
తిట్టడానికే పోయినా.
టీ ఇచ్చినాడు. అప్పుల పుస్తకం చూపించినాడు.
"అల ఒడ్డుకొచ్చి ఆగాలక్కా, ఆగడం లేదు.
తొమ్మిది నెలలు దానికే పోయినాయి."
తోడున్నవాడు బెంగుళూరు ఉద్యోగానికి పోతా
సగం సముద్రం తీసకపోయినాడంట.
మా డబ్బంతా
ఆ ఆగని అలలోనే ఉంది.

ఆ నెలలోనే బంగారు లంగరు అమ్మకానికి పెట్టినాడు.
కదలని ఓడలకు లంగరు.
నూటా పదిమంది కొన్నారు.

నాయనకు చెప్పినా.
పళ్ళెంలో చెయ్యి ఆపి
వడగండ్ల ఏడు గుర్తుచేసుకున్నాడు.
అమ్మ గాజులు కుదువకు పోయిన ఏడు.
"రైతు మీద కోపమెందుకు,
వాన వాడు కురిపించినాడా?
పూత రాలేది వేరే.
ఒకే తోటను ముగ్గురికి అమ్మేది వేరే.
నీ అబ్బోడు ఏ రకం?"

తెలీదు నాయనా.
టీ ఇచ్చేటప్పుడు గ్లాసు వణికింది.
వణికేవాళ్ళు మోసం చెయ్యరని
ఎక్కడ రాసుంది?

పగలంతా ల్యాబులో బెంగుళూరా గుజ్జు
చుక్క తీసి అద్దం మీద వేస్తాను.
తీపి ఎంతో అంకె చెబుతుంది.
పదిహేను దాటితే డబ్బాకు పోతుంది, లేకుంటే పక్కకు.
పూతకు అట్లాంటి అద్దం లేదు.
తేనెమంచు పురుగు పట్టినాక
చేతికంటే జిగురుగా,
అప్పుడు తెలుస్తుంది.

నిన్న రాత్రి ఒక వరస వచ్చింది:
"అల పెట్టినా. చూడండి."
ముప్పై ఒక్కరం పరిగెత్తినాం.
అల వచ్చింది, తాటిచెట్టంత ఎత్తు.
ఒడ్డు దాకా వచ్చింది.
ఆగింది.
ఇంక వెనక్కి పోలేదు.
ఆ నిలబడిపోయిన నీళ్ళ కింద
తలలెత్తి నిలబడినాం, ఎవరం మాట్లాడలేదు.
నర్సు మాత్రం
తడి తగిలినట్టుంది అనింది.

కాసేపటికి రెండో వరస:
వెనక్కి పంపేదానికి
ఇంకో అయిదునెలలు కావాలి,
తలా అయిదువందలు.

నాయన గురక పెడుతున్నాడు.
చున్నీ కింద నా వేళ్ళు
ఒకటి ముడుచుకుంటాయి,
ఒకటి తెరుచుకుంటాయి.