కింది తొట్టి

శనివారం ముహర్రక్‌ల జాసిమ్ ఇంట్ల నా డ్యూటీ.
ఆరడుగుల గాజుతొట్టి, లోపల పగడాలు,
రాళ్ళకు జుట్టు మొలిచినట్టు ఆకుపచ్చ పాచి.

పండ్ల బ్రష్షుతోని తోముత.
మోచేతుల దాక ఉప్పు, గోళ్ళ సందుల జిగట.
సన్న పైపుతోని పీల్చి బకెట్ల వదుల్త.
వారం తిరిగేసరికి మళ్ళ అంతే,
మా పసుపు చేన్ల తుంగ లెక్క.
పైన కోస్తే ఊకుంటదా తుంగ?
కింద గడ్డ ఉన్నదాక నవ్వుకుంట లేస్తది.

అన్నీ చేసిన.
లైట్లు పది గంటల నుంచి ఆరుకు దించిన.
మూడు దినాలు దుప్పటి కప్పి చీకటి పెట్టిన.
పగడాలు ముడుసుకున్నయి. పాచి మాత్రం
ఒక్కపొద్దున్నట్టు ఉండి
దుప్పటి తియ్యంగనే విస్తరి ముందు కూసున్నది.
ఇరవై నత్తల్ని వదిలిన:
లేతది మేసినయి, ముదురుది మాకొద్దన్నయి.
ఇంకొకటున్నది, బుడగ పాచి,
పచ్చ ముత్యం లెక్క మెరుస్తది.
చిట్లిందా, దాని కడుపుల పిల్లలు తొట్టంత.
ఊపిరి బిగబట్టి, మొదలు కాడ కదిలించి తియ్యాలె.

ఫాస్ఫేటు జూసే సీసాల మాత్రం
ప్రతి వారం ముదురు నీలం.
మా దుకాణం వడపోత నీళ్ళల్ల సున్న.
మేత జాసిమే ఏస్తడు, చిటికెడు, కొలిచి.
మరి ఎక్కడిదీ ఇంత బలుపు?
"రెండు వారాలల్ల తగ్గకుంటే
ఈ ఇల్లు రోడెల్‌కు ఇస్త" అన్నడు మా సేటు.

ఒకనాడు పంపు ఆగిందని పిలిస్తే
ఇషా నమాజు అయినంక పోయిన.
చీకట్ల తొట్టి కాడ జాసిమ్ నాయిన,
తెల్ల తోబు మోకాళ్ళ దాక తడిసి,
చేతుల ఐదు లీటర్ల నూనె డబ్బా.
అండ్ల నూనె కాదు, సముద్రం.
రేవు కాడ ముంచుకొచ్చి
గంజి వంపినట్టు మెల్లగ పోస్తున్నడు.

నన్ను జూసి దాచలే.
"మీ పొట్లం ఉప్పు నీళ్ళు సముద్రం కాదు."
నాకొచ్చిన అరబ్బీల అంతే తెలిసింది.
వాళ్ళ నాయిన ముత్యాలకు దిగేటోడని
చేతులతోని చెప్పిండు:
ముక్కు పట్టుకొని, కండ్లు మూసుకొని, అట్లనే నిలవడి,
ఎంతసేపని!
నాకు భయమైంది, ఊపిరి తీస్తడా లేదా అని.

రేవు కాడ పడవల డీజిలు, పక్కన మురుగు కాలువ.
ఆ డబ్బల ఎంత పాచి విత్తనమున్నదో నాకెరుక.
జాసిమ్‌కు చెప్తే నా పని నిలుస్తది,
ముసలాయనకు తెల్లారి నుంచి రేవు బందు.

చెప్పలే.
తొట్టి కింద చెక్క అలమార తెరిచి చూపిచ్చిన.
పై నీళ్ళు దిగి వడకట్టుకునే చిన్న తొట్టి అది.
అండ్ల పిడికెడు తీగ నాచు ఏసి
రాత్రంత వెలిగేటట్టు చిన్న బల్బు కట్టిన.
"బాబా, ఇగ ఇండ్ల పొయ్యి, ఈ గుడ్డసంచి మీదికెల్లి."
పైన పాచి తినే తిండి కింద ఇది తింటది.
ముల్లును ముల్లుతోనే తియ్యాలంటరు కద,
అరబ్బీల ఎట్లంటరో తెల్వక
"గడ్డి, గడ్డి కూడు గుంజుకుంటది" అన్న.
నవ్విండు. పండ్లు రెండే.

పాచి పోయిందని అబద్ధం చెప్ప.
వెనుక మూలకు, పంపు మూతి కాడ,
బ్రష్షు అందని చోట ఇంకా ఉన్నది.
పగడాలు మాత్రం విచ్చుకుంటున్నయి, ఊదరంగువి ముందుగాల.
కింద గడ్డి నెలకోసారి కోతకొస్తది.
ఆ దినం ముసలాయన కుర్చేసుకొని కూసుంటడు,
నా కత్తెర దిక్కు జూసుకుంట.
సగం ఉంచి సగం కవర్ల కట్టి తెస్త.
దుకాణంల పసుపు చేపలు పీక్కొని తింటయి.

ఫోటో పంపిస్తే మా తమ్ముడు అడిగిండు,
దీనికి క్వింటాలు ఎంత పోతదన్నా అని.